ఆ దీవిలో కులం లేదట

మా నాయన చెప్పులు కుట్టేవాడు. యీ నాలుగు మాటల వాక్యాన్ని నేను వొకసారి చెప్పలేకపోయాను. చెప్పొద్దని నన్నెవరూ బెదిరించలేదు. చెబితే కొడతామని ఎవరూ అనలేదు. మా వూరికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, సముద్రం మధ్యలో, కులం లేదని అందరూ చెప్పే వొక దీవిలో, నా అంతట నేనే చెప్పలేకపోయాను. ఎందుకని యిన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే వున్నాను. దూరాభారం పోయి చదువుకుంటున్న మన పిల్లలు చాలామంది యీ ప్రశ్న ముందు నిలబడి వుంటారు. అందుకే రాస్తున్నాను.

మాది చీరాల దగ్గర వొక మాదిగపల్లె. నా వయసు అడిగితే మా అమ్మ సంవత్సరం చెప్పదు. "కారంచేడులో మనోళ్ళను నరికిన యేడు నువ్వు కడుపులో వుండావు" అంటది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. బతికిన వాళ్ళు చీరాలకు వచ్చి శిబిరం వేసుకున్నారు. ఆ శిబిరానికి మా అమ్మ నెలలు నిండుతున్న కడుపుతో నడిచిపోయి బియ్యం యిచ్చి వచ్చిందట. అంటే పుట్టకముందే నాకు కులం తెలుసన్నమాట.

పుట్టాక తెలిసిన సంగతులు మీకు కొత్తవి కావు. హోటల్లో మాకు వేరే గ్లాసు. బడిలో పేరుకన్నా ముందు మా పల్లె పేరు. మా నాయన లందలో కాళ్ళు పెట్టి తోలు తొక్కుతుంటే ముక్కు మూసుకుని పోయే జనం, సాయంత్రానికి అదే తోలుతో చెయ్యించుకున్న చెప్పులేసుకుని వచ్చి బేరమాడేవాళ్ళు. తంగేడు చెక్క వాసన మా యింటి గోడలకు, మా గుడ్డలకు పట్టి వుండేది. కాలేజీకి పోయే ముందు నేను రెండుసార్లు సబ్బు రుద్దుకునేవాణ్ణి. నన్ను రుద్దుకోమని చెప్పిన వాడెవడూ లేడు.

బీయస్సీ జువాలజీ అయ్యాక 2007లో పాండిచ్చేరి సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళ పోర్ట్ బ్లెయిర్ శాఖలో యెమ్మెస్సీ మెరైన్ బయాలజీ సీటొచ్చింది. రిజర్వేషన్ సీటే. దాచను. మా పల్లెలో సంబరం. సముద్రం మీద ప్రేమతో వెళ్ళావా అని తర్వాత చాలామంది అడిగారు. వాడరేవు వొడ్డున ఆడుకుంటూ పెరిగినవాణ్ణి, ప్రేమ లేదని కాదు. అసలు మాట వేరే. నా పేరు వెనకాల ఏముందో తెలియని మనుషుల మధ్య రెండేళ్ళు బతికి చూడాలనుకున్నాను. చదువు వంక. పారిపోవడమే పని.

మా నాయన నాకోసం వొక జత తోలు చెప్పులు కుట్టాడు. యిస్తా వొక మాట చెప్పాడు. "వుప్పు పచ్చి తోలును కాపాడుద్దిరా. కుట్టిన చెప్పును మాత్రం తినేస్తది. సముద్రం కాడ జాగర్త."

విశాఖపట్నంలో ఓడెక్కాను. బంకు క్లాసు. మూడు రోజుల ప్రయాణం. రెండో రోజుకి ఎటు చూసినా నీళ్ళే. సముద్రం దాటితే కులం పోతుందని పై కులాలు భయపడేవి. నల్లనీళ్ళన్నారు. ప్రాయశ్చిత్తాలు పెట్టారు. ఓడ రెయిలింగు పట్టుకుని నేను అదే కోరుకున్నాను. పోతే పోనీ, పోవాలనే గదా వచ్చింది అనుకున్నాను. వాళ్ళకు శాపమైనది నాకు వరం. ఆ నీళ్ళ మీద నాకున్న నమ్మకం అది.

హాడో రేవులో దిగాక మొదటి నెలలు నిజంగానే వరంలాగా గడిచాయి. అక్కడివాళ్ళు మన దేశం మొత్తాన్నీ కలిపి "మేన్‌లాండ్" అంటారు. మేన్‌లాండ్ నుంచి వచ్చావా అంటే అయిపోయింది. బజారు భాష హిందీ. బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీవాళ్ళు, నికోబారీలు, మన శ్రీకాకుళం విశాఖ జిల్లాల వాళ్ళు. అందరూ వొకే టీ కొట్టులో వొకే గ్లాసులతో తాగుతున్నారు. ఆ గ్లాసుల్ని నేను లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. వేరే గ్లాసు ఎక్కడా కనపడలేదు. దేశమంటే యిలా వుండాలి గదా అనిపించింది.

గది వొక తెలుగువాళ్ళింట్లో దొరికింది. యింటావిడది విశాఖ జిల్లా. మంచి మనిషి. మొదటిరోజే అడిగింది, "మీరేమిట్లు బాబూ?" అని.

"చీరాల వైపండీ" అన్నాను.

"చీరాలంటే మగ్గాలు గదా. నేతపనోళ్ళా?"

నేను నవ్వాను. అవునని అనలేదు, కాదని అనలేదు. ఆ నవ్వే జవాబయింది. ఆ రోజు నుంచి ఆదివారమాదివారం చేపల కూర గిన్నె నా గదికి వచ్చేది. రెండేళ్ళ పైన నేను ఆ కూర తిన్నాను. రుచిగా వుండేది. అది కూడా దాచను.

ల్యాబులో రెండోసారి. చిన్న సొర చేప తోలు వొలిచి కండరాలు చూపించాలి. తోటివాళ్ళు వాసనకు మొహం తిప్పుకుంటున్నారు, తోలు చింపేస్తున్నారు. నా చెయ్యి దానంతటది కదిలింది. తోలుకీ కండకీ మధ్య కత్తిని ఎంత వాలుగా పట్టాలో నాకు పదేళ్ళప్పుడే తెలుసు. మాష్టారు వచ్చి చూసి, చెయ్యి చాలా బాగుంది, ఎక్కడ నేర్చుకున్నావని మెచ్చుకున్నారు. "అలవాటు సార్" అన్నాను. మా వూళ్ళో మమ్మల్ని వూరవతల వుంచిన పనే యిక్కడ శాస్త్రమయింది, మార్కులయింది. ఆ మార్కులు నేను తీసుకున్నాను. గురువు పేరు మాత్రం చెప్పలేదు.

యిక మూడోది. పోర్ట్ బ్లెయిర్‌లో యేడాదిలో సగానికి పైగా వానలే. నాయన చెప్పినట్టే అయింది. చెప్పులకు బూజు పట్టింది, పట్టీ కుట్టు వూడింది. అబర్డీన్ బజారులో గొడుగు కింద కూర్చుని చెప్పులు బాగుచేసే వొక ముసలాయన వున్నాడు. శ్రీకాకుళం ప్రాంతపు మనిషి. యింటావిడ కూడా కూరగాయలకని నాతోపాటు బజారుకొచ్చింది. నేను చెప్పు తిరగేసి ఎక్కడ తెగిందో బొటనవేలితో నొక్కి చూపించాను. కుట్టేవాళ్ళు అలా చూపిస్తారు, తొడుక్కునేవాళ్ళు చూపించరు. ముసలాయన చెప్పు చూశాడు, నా వేలు చూశాడు, తలెత్తి నా మొహం చూశాడు.

"యిది మిసను కుట్టు కాదు బావూ. సేత్తో కుట్టినది. మంచి పనోడు. ఎవులు కుట్టినారు, మీ నాన్నా?"

ఆ గొంతులో ఎంత సంతోషముందో నాకు యిప్పటికీ వినపడుతుంది. సముద్రమవతల తన పనిని గుర్తుపట్టేవాడు వొకడు దొరికాడని. యింటావిడ నా వైపు తిరిగింది.

"కాదు. సంతలో కొన్నాను" అన్నాను.

ముసలాయన యింకేం అడగలేదు. తలొంచుకుని ఆరె తీసుకుని కుట్టాడు. పది రూపాయలిచ్చాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చేసిన తప్పేమిటి? నేను ఎవర్ని మోసం చేశాను? యూనివర్సిటీని కాదు. నా కులం సర్టిఫికెట్ వాళ్ళ ఫైల్లోనే వుంది. ఫైల్లో వున్నది నోట్లో లేదు, అంతే. యింటావిడనా? అడక్కూడని ప్రశ్న అడిగింది ఆవిడ. దొంగ తాళంచెవి అడిగితే నిజం చెప్పాలని ఏ నీతిశాస్త్రం చెబుతుంది? కులం అడిగేవాడికి నిజం బాకీ లేదు. యీ మాట మీద నేను యివాళ్టికీ నిలబడతాను.

బాబాసాహెబ్ జీవితంలో యిలాంటి ఘట్టమే వొకటుంది. 1913లో ఆయన చదువుకోడానికి కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళాడు. అదున్న మన్‌హాటన్ కూడా దీవే. 1916లో లండన్. అదీ దీవి మీదిదే. ఆ దేశాల్లో వున్నన్నాళ్ళు అంటరానివాణ్ణన్న సంగతే మర్చిపోయానని ఆయనే రాసుకున్నాడు. 1917లో బరోడా వుద్యోగానికి వచ్చి దిగేసరికి తలదాచుకోడానికి చోటు లేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించి వున్నాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని మనుషులొచ్చి వెళ్ళగొట్టారు. అంత చదువు చదివినవాడు వొక తోటలో కూర్చుని ఏడ్చాడు.

పేరు మార్చుకున్నందుకు అంబేద్కర్ని తప్పుపట్టే మొగాడెవడైనా వుంటే ముందుకు రమ్మనండి. సిగ్గుపడాల్సింది ఆ సత్రం. అయితే ఆయన అక్కడ ఆగిపోలేదు. ఆ సంగతంతా తానే రాశాడు. తాను పార్శీ పేరు ఎలా పెట్టుకున్నాడో, ఎలా భయపడ్డాడో, ఎవరు తరిమారో, ఏదీ దాచకుండా రాశాడు. ఆ పేరు ఆయనకు వొక గోడ మాత్రమే, యిల్లు కాదు. నాకు మాత్రం ఆ నవ్వే యిల్లయింది. పైగా ఆయన దాచుకోడంలో వొకే మనిషి దెబ్బతిన్నాడు, తానే. నేను దాచుకోడానికి యింకొకర్ని తొక్కాను. గొడుగు కింద వొకడు చెయ్యి చాపితే ఆ చేతిని వదిలేశాను. వూళ్ళో వున్న యింకొకణ్ణి, నన్ను కన్నవాణ్ణి, సంతలో అమ్మేశాను. నేరం మౌనంలో లేదు. మౌనానికి ఎవరు ఖరీదు కట్టారన్న దాంట్లో వుంది.

ఆ యేడాదే మమ్మల్ని వుత్తర అండమాన్‌కి పగడపు దిబ్బలు చూపించడానికి తీసుకుపోయారు. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఆ దీవులు వొరిగిపోయాయి. వుత్తరం వైపు నేల పైకి లేచింది. దక్షిణాన పోర్ట్ బ్లెయిర్ వైపు దాదాపు మీటరు కుంగింది. సిప్పీఘాట్ దగ్గర వరి పొలాల్లోకి సముద్రం వచ్చి అలాగే వుండిపోయింది. వుత్తరాన లేచిన పగడాలు గాలికి ఎండి తెల్లటి ఎముకల్లా పడున్నాయి. వొక కొస లేస్తే యింకో కొస మునిగింది. లేచింది కూడా బతకలేదు. దిబ్బ మీద నోట్సు రాసుకుంటూ నేను మా నాయన గురించే ఆలోచించాను.

నా పక్క సీటు మిత్రుడు బెంగాలీ. 1947 విభజన తర్వాత, 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకుల్ని ఆ దీవుల్లో దించి పొలాలిచ్చారు. వాళ్ళలో నామశూద్రులు చాలామంది. వీడి తాత కూడా అందులో వొకడు. వొకరాత్రి వాడికి నా సంగతంతా చెప్పాను. ఆ దీవిలో నేను నోరు విప్పి చెప్పిన మొదటి మనిషి వాడు. వాడు నిదానంగా విని, "మా తాత ఓడ దిగేటప్పుడే కులాన్ని సముద్రంలో వదిలేశాడు. నువ్వెందుకు మోసుకొచ్చావు?" అన్నాడు. "యిక్కడ మేం సెటిలర్లం. అంతే. నామశూద్ర అంటే ఏమిటో మా చెల్లికి తెలియదు. అది మంచిదే గదా?"

మంచిదే. కాదనడానికి నేనెవర్ని? నేను రెండు రోజులు ఆలోచించి వాడికి జవాబు చెప్పాను. మీ తాత కులాన్ని వదిలేయగలిగింది మౌనంగా వున్నందుకు కాదు. ఆయన కాళ్ళ కింద సొంత పొలం వుంది. కూలికి పోయి ఎవడి గుమ్మం ముందు నిలబడే పని లేదు. 1858లో ఆ దీవుల్లో ఖైదీల్ని దించినప్పటి కథ కూడా అంతే. ఎక్కడెక్కడి కులాలవాళ్ళో వొకే గొలుసుకు కట్టబడ్డారు. ఆడఖైదీలతో పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు. ఆ సంతానాన్నే యిప్పుడు "లోకల్ బార్న్" అంటారు. వాళ్ళలో కులం చాలా మటుకు కలిసిపోయింది. ఎవరి మనసూ మారి కలవలేదు. కులాన్ని నిలబెట్టే వూరు, చెరువు, గుడి, మేనరికం లేక కలిసింది. కులం రక్తంలో లేదనడానికి యింతకన్నా సాక్ష్యం ఏం కావాలి? తర్వాత స్వేచ్ఛగా ఓడెక్కి వచ్చినవాళ్ళు మాత్రం తమ తమ వూళ్ళను మూటగట్టి తెచ్చుకున్నారు. మా యింటావిడ తెచ్చుకున్నట్టే.

యింకో మాట కూడా చెప్పాలి. ఆ పొలాలు ఖాళీవి కావు. 1858లో వేలల్లో వున్న గ్రేట్ అండమానీయులు యివాళ యాభైకి అటూయిటూ మిగిలారు. వొకడి కులం పోవడానికి యిచ్చిన నేల యింకొకడి జాతిని తిన్నది. భూమి కావాలని అడిగే మనం, యిది తెలిసి అడగాలి.

యెమ్మెస్సీ అయ్యాక అక్కడే పరిశోధనలో చేరాను. 2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలాయన గదికి వచ్చాడు. స్కూలు టీచరు. పేరు, వయసు, చదువు రాసుకున్నాడు. కులం గడి దగ్గర ఆగాడు. యీసారి నవ్వలేదు. అప్పటికి నాలుగేళ్ళుగా గొంతులో వున్న మాట.

"షెడ్యూల్డు కులం. మాదిగ" అన్నాను గట్టిగా. పక్కగదిలోకి వినపడేటట్టే అన్నాను.

ఆయన యిబ్బందిగా తన దగ్గరున్న కాయితం చూపించాడు. రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు కులాల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం, ఏ కేంద్రపాలిత ప్రాంతానికి ఆ ప్రాంతం వేరు వేరుగా వుంటుంది. అండమాన్ నికోబార్‌కి అసలు జాబితాయే లేదు. "యిక్కడ రాయడానికి లేదు తమ్ముడూ" అన్నాడు. ఆయన తప్పేం లేదు, నియమం అది. ఆ లెక్కల్లో దీవుల జనాభా 3,80,581. షెడ్యూల్డు కులాలు సున్నా. ఆ సున్నాలో నేనున్నాను. గొడుగు కింద ముసలాయన వున్నాడు. నా మిత్రుడి తాత వున్నాడు. ఛోటానాగ్‌పూర్ అడవుల నుంచి 1918 మొదలుకొని కూలికి తెచ్చిన రాంచీవాళ్ళదీ యిలాంటి కథే. వాళ్ళు అక్కడ ఆదివాసులు, యిక్కడ షెడ్యూల్డు తెగ కాదు.

అడిగినప్పుడు నేను చెప్పలేదు. చెప్పినప్పుడు రాసుకునే గడి లేదు. రెండూ వొకే చోటికి చేరాయి. యింతకాలం నేను అనుభవించిన స్వేచ్ఛ ఏమిటో ఆ పూట అర్థమయింది. ఎవరూ అడగనంత సేపే వుండే స్వేచ్ఛ అది. వొక ముసలాయన ప్రేమగా అడిగితే కూలిపోయింది. కులం లేకపోవడం వేరు, కులం మాట లేకపోవడం వేరు. మాట లేనిచోట బాధ చెప్పుకోడానికి కూడా మాట వుండదు.

పక్కగదిలోకి వినపడింది గదా. యింటావిడ నన్నేమీ అనలేదు. "మాకు అలాంటి పట్టింపుల్లేవు బాబూ, యిది దీవి" అంది. గది ఖాళీ చెయ్యమనలేదు. ఆదివారం గిన్నె మాత్రం రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆ దీవిలో కులం ఎంతుందో నాకు కొలత దొరికింది. గది దాకా లేదు, గిన్నె దాకా వుంది.

మర్నాడు అబర్డీన్ బజారుకు పోయి ముసలాయన పక్కన కింద కూర్చున్నాను. "తాతా, ఆ చెప్పులు మా నాయనే కుట్టాడు. మేం మాదిగోళ్ళం" అన్నాను.

"తెలుసు బావూ" అన్నాడు. "ఆ పొద్దు నీ పక్కన ఆవిడ నిలబడుంది గదా. నానే అలగ అడక్కుండా వుండాల్సింది."

నేను చెప్పాల్సిన క్షమాపణ ఆయన చెప్పాడు. కాసేపాగి యింకో సంగతి చెప్పాడు. "మా అబ్బాయి ఆఫీసులో గుమస్తా. యీ దారమ్మటే యెల్తాడు. నన్ను పలకరించొద్దని ఆడికి సెప్పింది నానే."

కొడుకు తండ్రిని దాచడం వొక్కటే నాకు తెలుసు. తండ్రి తనను తానే దాచుకుని కొడుకుని కాపాడ్డం అక్కడ చూశాను. అడగడానికి కూడా మనవాళ్ళు భయపడే చోటును కులం లేని చోటు అనొద్దు. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురమని మార్చారు. వూరి పేరు మార్చడం తేలిక. బజారులో వొక తండ్రి తన కొడుకుని పేరు పెట్టి పిలవగలిగిన రోజు ఆ వూరు మారిందని నమ్ముతాను.

యూనివర్సిటీలకు పోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నేను "చెప్పండి" అని ఆజ్ఞ వెయ్యను. అద్దె గది కోసం దాచుకోవాల్సొస్తే దాచుకోండి. ఆ సిగ్గు మీది కాదు. కానీ రెండు పనులు చెయ్యొద్దు. మీ మౌనం కోసం మీ వాళ్ళను కాదనొద్దు. దాచుకున్న సంగతిని ఎల్లకాలం దాచొద్దు. ఎప్పుడో వొకప్పుడు రాయండి. నాకు పదేళ్ళు దాటింది, అయినా రాస్తున్నాను.

ఆ యేడు ఎండాకాలం సెలవులకు వెళ్ళినప్పుడు మా నాయనకి అంతా చెప్పాను. నవారు మంచం మీద కూర్చుని రంపెకు పదును పెడుతున్నాడు. నేను ఏడుస్తున్నాను. ఆయన తలెత్తకుండా విన్నాడు.

"సంతలో కొన్నానని చెప్పావా?"

"చెప్పాను నాయనా."

"ఎంతకని అడిగాడా?"

"అడగలేదు."

రంపె అంచు బొటనవేలితో చూసుకున్నాడు. "యీసారి అడిగితే అయిదొందలకు తక్కువ చెప్పమాక" అన్నాడు.